మురుగునీటి నుండి నూనెను విడదీయడం: పాల సంఘాలకు ఒక పాఠం

పాల సంఘంలో పాలు పోయడం అయిన వెంటనే క్యాన్లు, బకెట్లు, కొలపాత్రలు, నేల కడుగుతారు. కడిగిన నీరు తూము గుండా బయటికి పోతుంది. ఆ నీటిలో ఏమున్నది, అది ఎక్కడికి చేరుతుంది, అందులోని కొవ్వును, నూనెను ఎట్లా విడదీయాలి అన్నది ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇందుకు ఉదాహరణగా హైదరాబాదుకు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాన్ని తీసుకుంటున్నాం. యంత్రాల నూనె, ఇళ్ల మురుగు, పశువుల మేత ఒకే నీటి దారిలో కలిసిన చోటు అది. మన ఊళ్లో ఆ దారి చిన్నది కావచ్చును గాని, సూత్రం ఒక్కటే.

నీరు పోయే దారి

నాచారం, మల్లాపూర్, చర్లపల్లి, ఉప్పల్ పారిశ్రామిక వాడలలో లేతు పనులు, యంత్రభాగాల తయారీ, బండ్ల మరమ్మతు మొదలైన పనులు ఎన్నో ఏళ్లుగా సాగుతున్నాయి. ఈ పనులన్నింటిలోనూ ఏదో ఒక రూపంలో నూనె వాడతారు. ఆ చుట్టుపక్కల లక్షలాది ఇళ్లు వెలిశాయి. ప్రతి వంటింటి నుండి కొంత నూనె, కొంత సబ్బు తూములో పడుతుంది. ఈ ప్రాంతపు పల్లం మూసీ నది వైపు. నాచారం పెద్దచెరువు, ఉప్పల్ నల్లచెరువు వంటి చెరువులు, వాటిని కలిపే నాలాలు, అన్నింటి నీరు చివరకు మూసీకే చేరుతుంది. మూసీ నల్లగొండ జిల్లాలో వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది.

ఇందులో పాడి రైతుకు సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. ఉప్పల్ పక్కనే మూసీ ఒడ్డున పీర్జాదిగూడ, పర్వతాపూర్, కాచవానిసింగారం గ్రామాలలో మురుగు కలిసిన మూసీ నీటితో దశాబ్దాల పాటు పారాగడ్డి పెంచారు. కొన్నిచోట్ల దీనినే నీటిగడ్డి అంటారు. వేసవిలో బోర్లు ఎండినా మూసీలో నీరు ఉంటుంది కనుక ఈ గడ్డి ఏడాది పొడుగునా కోతకు వచ్చేది. నగరంలోని గేదెల పెంపకందార్లు మోపులుగా కొని మేపేవారు. 2000 తర్వాతి సంవత్సరాలలో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు ఈ సాగును, దానిపై బతికే కుటుంబాలను అధ్యయనం చేశారు. తర్వాత నగరం పెరిగి గడ్డి పొలాలు చాలావరకు ఇళ్ల స్థలాలయ్యాయి. అయినా పాఠం పోలేదు. తూములో పోసినది గడ్డి మీదికి, గడ్డి నుండి గేదెకు, గేదె నుండి పాలకు రాగలదు. కొవ్వులో కరిగే కొన్ని విషపదార్థాలు పాలలోని వెన్నలోనే చేరుతాయి. వెన్న శాతాన్ని బట్టి ధర తీసుకునే మనం ఈ మాటను తేలికగా తీసుకోరాదు.

నీటిలో నూనె మూడు రూపాలు

నూనె నీటిలో కరగదని మనందరికీ తెలుసు. కాని నీటితో అది మూడు విధాలుగా కలిసి ఉంటుంది.

1. తేలే నూనె: పెద్ద బొట్లుగా ఉండి, నీరు నిలిస్తే పైకి వచ్చేస్తుంది. జనరేటరు కింద కారిన డీజిలు, వాడిన ఇంజిన్ ఆయిలు ఈ రకం. నీటిపై ఇంద్రధనుస్సు రంగులలో కనిపించే పొర చాలా పలుచన. 1 లీటరు నూనె అట్లా పరుచుకుంటే ముప్పాతిక ఎకరానికి పైగా నీటిని కప్పగలదు. ఆ పొర కింద నీటికి గాలి సరిగా అందదు.

2. పాలవలె కలిసిన నూనె: దీనిని ఎమల్షన్ అంటారు. నూనె అతి సన్నని బిందువులై నీరంతటా పరచుకొని ఉంటుంది. లేతు యంత్రాలలో వాడే కటింగ్ ఆయిలును నీటిలో కలిపితే అది తెల్లగా, అచ్చం పాలవలెనే కనిపిస్తుంది. సబ్బు, సోడా కలిసిన కడుగునీరూ ఇదే రకం. అసలు పాలే ఒక ఎమల్షన్. పాలలోని వెన్న కణం సగటున మిల్లీమీటరులో వెయ్యో వంతులు మూడు నుండి ఐదు మాత్రమే.

3. కరిగిన నూనె: పెట్రోలు, డీజిలు వంటి వాటిలోని కొన్ని అంశాలు కొద్దిపాటిగా నీటిలో నిజంగానే కరుగుతాయి. కంటికి కనబడవు, వాసన మాత్రం తెలుస్తుంది.

ఏ రూపమో తెలుసుకోకుండా విడదీసే ప్రయత్నం చేస్తే డబ్బు వృథా. దీనికి తేలిక పరీక్ష ఒకటి ఉన్నది. తెల్లని గాజుసీసాలో మురుగునీరు నింపి అరగంట కదపకుండా ఉంచండి. పైన తెట్టు కట్టి కింది నీరు తేటపడితే అది తేలే నూనె. అరగంట తర్వాత కూడా నీరు తెల్లగానే ఉంటే ఎమల్షన్ అని అనుమానించాలి.

విడదీసే పద్ధతులు

పెద్ద పరిశ్రమలలో నూనెను విడదీయడానికి వాడే పద్ధతుల పేర్లు వింటే కొత్తగా ఉంటాయి. వాటి సూత్రాలు మాత్రం పాడి ఇంట ఏనాటి నుండో ఉన్నవే.

మీగడ కట్టడం: పాలను కదపకుండా ఉంచితే వెన్న తేలికది కనుక పైకి వస్తుంది. తేలే నూనెను విడదీసే తొట్టి పని కూడా ఇంతే. నీటి వేగాన్ని తగ్గించి నూనెకు పైకి రావడానికి సమయం ఇస్తుంది. ఇక్కడ గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటి. బొట్టు అడ్డుకొలత పదో వంతు అయితే అది పైకి లేచే వేగం నూరో వంతు అవుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతులు 150 ఉన్న నూనె బొట్టు ఒక అడుగు లోతు నుండి సుమారు 4 నిమిషాలలో పైకి వస్తుంది. అదే 15 వంతుల బొట్టుకు దాదాపు 7 గంటలు పడుతుంది. అందువలన తొట్టిలోకి వచ్చే ముందు నూనెను బిందువులుగా చితక్కొట్టరాదు. పంపుతో చిమ్మడం, ఎత్తు నుండి దూకించడం, సబ్బుతో కలపడం, ఈ మూడూ నూనెను ఎమల్షన్‌గా మార్చే పనులే.

విరగగొట్టడం: కాచిన పాలలో నిమ్మరసం పిండితే విరిగి, ముద్దలు ఒకచోట, తేటనీరు ఒకచోట చేరతాయి. ఎమల్షన్‌లోని నూనె బిందువులన్నింటి మీద ఒకే జాతి విద్యుదావేశం ఉంటుంది, కనుక అవి ఒకదానినొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. పటిక వేస్తే ఆ ఆవేశం తగ్గి, బిందువులు ముద్దగా చేరతాయి. యంత్రశాలల పాల వంటి నీటిని పటికతోగాని, ఆమ్లంతోగాని ముందు విరగగొట్టి, తర్వాత విడదీస్తారు. మన సంఘంలో చేసే గెర్బర్ పరీక్ష కూడా ఇదే. గంధకామ్లం పాలలోని మాంసకృత్తులను కరిగించి వెన్నను విడిపిస్తుంది. యంత్రంలో తిప్పగానే వెన్న పైకి చేరి గొట్టంలో గీతల వద్ద నిలుస్తుంది.

చిలకడం: కవ్వంతో చిలికినప్పుడు గాలి బుడగలకు వెన్న కణాలు అంటుకొని ఒకచోట చేరడం చూస్తుంటాం. పరిశ్రమలలో గాలిని ఒత్తిడితో నీటిలో కరిగించి, ఒక్కసారిగా ఒత్తిడి తగ్గిస్తారు. సోడా సీసా మూత తీసినట్లు సన్నని బుడగలు పుట్టి, విరిగిన నూనె ముద్దలను పైకి మోసుకువస్తాయి. పైన చేరిన తెట్టును గరిటె వంటి పలకతో లాగివేస్తారు.

బొగ్గు: కరిగిన నూనెకు పై మూడూ పనిచేయవు. ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు పొరల గుండా నీటిని పంపితే అది బొగ్గుకు అంటుకుంటుంది. ఈ పద్ధతి ఖరీదైనది. అందుచేత డీజిలును మొదటే నీటిలో పడనీయకపోవడం మేలు.

మిగిలిన మురుగు: తోడు పెట్టే పద్ధతి

నూనె తీసిన తర్వాత కూడా నీటిలో పాల చక్కెర, మాంసకృత్తులు మిగులుతాయి. వీటిని సూక్ష్మజీవులు తింటాయి. తినేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటాయి. ఎంత ప్రాణవాయువు కావాలో చెప్పే కొలతను బి.ఓ.డి. అంటారు. చెరువులో ఈ పని జరిగితే ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చి, నీరు కంపు కొడుతుంది. శుద్ధి కేంద్రంలో అదే పనిని మన అదుపులో, గాలి అందిస్తూ చేయిస్తారు. నిన్నటి పెరుగులో కొంత ఉంచి నేటి పాలకు తోడు వేసినట్లు, సూక్ష్మజీవులతో నిండిన బురదలో కొంత వెనక్కి తెచ్చి కొత్త మురుగుకు కలుపుతారు. ఈ విధానాన్ని 1914లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనేవారు ప్రకటించారు. గాలి లేకుండా పనిచేసే మరొక జాతి సూక్ష్మజీవులు ఉన్నాయి. గోబర్ గ్యాస్ ప్లాంటులో ఉండేవి అవే.

మూసీ పరిరక్షణ పథకం కింద అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్ల లీటర్లు, ఉప్పల్ నల్లచెరువు వద్ద 3 కోట్ల లీటర్లు శుద్ధిచేసే కేంద్రాలు కట్టారు. ఇవి గాలి లేని పద్ధతిని ఆధారం చేసుకున్నవి. పెరిగిన నగరానికి అవి చాలలేదు. 2021 తర్వాత హైదరాబాదుకు మంజూరైన 31 కొత్త కేంద్రాలలో నల్లచెరువుకు 8.65 కోట్ల లీటర్లది, నాచారం పెద్దచెరువుకు 1.75 కోట్ల లీటర్లది కేటాయించారు.

ఇంత పెద్ద కేంద్రాలు ఉండగా మన చిన్న తూము సంగతి ఎందుకు అనే ప్రశ్న రావచ్చును. కొవ్వు ఎక్కువగా వస్తే అది సూక్ష్మజీవుల బురదకు పూతవలె అంటుకుంటుంది. బురద తేలికై పైకి తేలి, నీటితో పాటు బయటికి కొట్టుకుపోతుంది. అప్పుడు ఎంత పెద్ద కేంద్రమైనా తోడు లేని పాల కుండే. గొట్టాలలో కొవ్వు గడ్డకట్టి మురుగు వీధిలోకి పొంగడం మరో నష్టం. పైగా పల్లెలలోని సంఘాల వెనుక శుద్ధి కేంద్రం ఏదీ ఉండదు. మన తూముకు, చెరువుకు మధ్య మనమే ఉన్నాం.

లెక్క చూసుకుందాం

1 లీటరు పాలు కుళ్లి విడిపోవడానికి సుమారు 100 గ్రాముల ప్రాణవాయువు కావాలి. ఎండాకాలం 1 లీటరు మంచినీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు 7 నుండి 8 మిల్లీగ్రాములు. అంటే 1 లీటరు పాలు 13 వేల లీటర్ల చెరువు నీటిలోని ప్రాణవాయువును మింగివేయగలవు. 1 లీటరు పాలను 400 లీటర్ల నీటిలో కలిపితే ఆ నీటి బి.ఓ.డి. ఇంటి మురుగుకు సమానమవుతుంది.

నూనె సంగతి చూడండి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారం చెరువులు, నదులలోకిగాని, సాగు భూమిమీదికిగాని వదిలే నీటిలో నూనె, జిడ్డు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించరాదు. ఊరి మురుగు కాలువలోకి అయితే 20 మిల్లీగ్రాములు. డెయిరీ ఫ్యాక్టరీలకూ 10 మిల్లీగ్రాములే హద్దు. 1 లీటరు ఇంజిన్ ఆయిలు సుమారు 900 గ్రాములు. దానిని 10 మిల్లీగ్రాముల హద్దుకు పలుచన చేయాలంటే 90 వేల లీటర్ల నీరు కావాలి. వెన్న 6.5 శాతం ఉన్న గేదె పాలు 1 లీటరులో 65 గ్రాముల కొవ్వు ఉంటుంది. దానికి 6,500 లీటర్లు కావాలి.

ఇక మన డబ్బు లెక్క. ఒక్కొక్క క్యానులో 50 మిల్లీలీటర్ల పాలు అడుగున మిగిలితే 20 క్యాన్లకు 1 లీటరు. రెండు పూటలా అయితే రోజుకు 2 లీటర్లు, ఏడాదికి 730 లీటర్లు. క్యానును ఒక నిమిషం బోర్లించి కారనిస్తే ఇందులో ఎక్కువ భాగం మిగులుతుంది. మురుగు శుద్ధిలో అన్నింటికంటె చవకైన పద్ధతి ఇదే.

సంఘంలో కట్టుకోదగిన తొట్టి

చిన్న సేకరణ కేంద్రానికి ఇటుక, సిమెంటుతో రెండు గదుల తొట్టి చాలును. కడుగునీరు ఎక్కువగా వచ్చే అరగంటలో ఎంత వస్తుందో అంత నీరు అందులో నిలవాలి. ఉదాహరణకు గంటకు 600 లీటర్లు వస్తే 300 లీటర్ల తొట్టి కావాలి. 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల నీటి లోతు ఉంటే సుమారు 340 లీటర్లు పడుతుంది.

మధ్య అడ్డుగోడ పైనుండి దిగి, అడుగున జానెడు సందు విడిచి ఉండాలి. నీరు ఆ సందు గుండా రెండవ గదికి పోతుంది, తేలిన కొవ్వు మొదటి గదిలోనే ఆగుతుంది. బయటికి పోయే గొట్టానికి టీ ఆకారపు ముక్క తగిలించి, దాని కింది నోరు నీటిలో మునిగి ఉండేటట్లు చూడాలి. తొట్టికి ముందు ఒక జల్లెడ పెట్టాలి. పైన పిల్లలు, దూడలు పడకుండా మూత వేయాలి.

తెట్టును కనీసం వారానికొకసారి తీయాలి. తీయని తొట్టి ఉన్నా లేనట్లే. పాల కొవ్వు తెట్టును పేడతో కలిపి ఎరువు గుంతలో వేయవచ్చును, కొద్దికొద్దిగా గోబర్ గ్యాస్ ప్లాంటులోనూ వేయవచ్చును. తొట్టి దాటిన నీటిని నిలవ ఉంచితే పాల చక్కెర పులిసి నీరు ఆమ్లమవుతుంది. కనుక ఏ రోజు నీరు ఆ రోజే ఇంకుడు గుంతకో, చెట్ల పాదులకో మళ్లించాలి. మంచినీటి బావికి, బోరుకు ఈ గుంత దూరంగా, పల్లంలో ఉండాలి.

తప్పక పాటించవలసినవి

1. మొదటి కడుగు సబ్బు, సోడా లేని నీటితో చేయాలి. ఆ పాలనీటిని వేరుగా పట్టి వెంటనే పశువుల కుడితిలో కలపవచ్చును. సోడా కలిసిన తర్వాత కలపరాదు.

2. సోడాతో కడిగిన మరుగు నీటిని నేరుగా తొట్టిలోకి వదలరాదు. అది కట్టిన తెట్టును కరిగించి బయటికి తీసుకుపోతుంది. చల్లారిన తర్వాత నెమ్మదిగా వదలాలి.

3. గెర్బర్ పరీక్ష చేసిన ఆమ్లాన్ని తూములో పోయరాదు. ఒక నమూనాకు 10 మిల్లీలీటర్ల ఆమ్లం చొప్పున 50 నమూనాలకు అర లీటరు అవుతుంది. దానిని ప్లాస్టిక్ తొట్టిలో పదింతల నీటిలోకి కొద్దికొద్దిగా పోసి, తర్వాత సున్నపు నీరు కలపాలి. నీలి లిట్మస్ కాగితం ఎర్రబడనంతవరకు కలపాలి. ఎప్పుడూ నీటిలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీరు పోయరాదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

4. జనరేటరు ఆయిలు మార్చినప్పుడు పాత ఆయిలును మూత ఉన్న డబ్బాలో పట్టి, పేరు రాసి, అధికారిక అనుమతి ఉన్న శుద్ధిదారులకే అందేటట్లు ఏర్పాటు చేయాలి. కారిన డీజిలుపై ఇసుకగాని, రంపపు పొట్టుగాని చల్లి ఎత్తివేయాలి. నీళ్లతో కడగరాదు.

5. పిడుదులకు, గజ్జికి పాత ఇంజిన్ ఆయిలును గేదెలకు పూసే అలవాటు కొన్ని ఊళ్లలో ఉన్నది. ఆ నూనెలో హానికర లోహాలు ఉంటాయి. పశువు దానిని నాకుతుంది. ఇది మానుకొని పశువైద్యుని సలహా తీసుకోవాలి.

6. నాలా ఒడ్డు గడ్డి జిడ్డుగా ఉన్నా, డీజిలు వాసన వచ్చినా మేపరాదు. పాడి పశువులను నాలా నీటికి తోలరాదు.

ఒక్కరి వల్ల కాని పని

నాచారంలోని చిన్న లేతు యజమానికి ఒంటరిగా శుద్ధి కేంద్రం కట్టడం కష్టం. ఈ ఇబ్బందికే ఉమ్మడి శుద్ధి కేంద్రాలు పుట్టాయి. హైదరాబాదుకు ఉత్తరాన జీడిమెట్లలో పరిశ్రమలు 1980ల చివరలో అటువంటి కేంద్రాన్ని నెలకొల్పుకున్నాయి. రెండు గేదెలున్న రైతు సొంతంగా శీతల కేంద్రం పెట్టుకోలేక సంఘంలో చేరినట్లే ఇదీను. కాని ఉమ్మడి కేంద్రానికీ ఒక షరతు ఉంటుంది. ప్రతివారూ తమ నీటిని ఒక హద్దు వరకు తామే బాగుచేసి పంపాలి. ఒక్కరు నీళ్లు కలిపిన పాలు పోస్తే సంఘం పాలన్నింటికీ ధర తగ్గుతుంది. ఒక్కరు నూనె వదిలితే అందరి శుద్ధీ చెడుతుంది. సంఘ ధర్మం రెండు చోట్లా ఒక్కటే.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన కేంద్రం కడుగునీరు చివరకు ఏ చెరువుకు, ఏ పొలానికి చేరుతున్నది? ఆ నీరు తాగే పశువులు ఎవరివి?

2. రోజుకు ఎన్ని క్యాన్లు కడుగుతున్నాం? ఒక్కొక్క దానిలో మిగిలే పాలను కొలిచి, ఏడాదికి ఎన్ని లీటర్లు, ఎన్ని రూపాయలు అవుతుందో లెక్క కట్టండి.

3. గాజుసీసా పరీక్ష చేయండి. మన నీటిలో ఉన్నది తేలే నూనెనా, ఎమల్షనా?

4. తొట్టి కట్టడానికి ఎంత ఖర్చవుతుంది? వారం వారం తెట్టు తీసే బాధ్యత ఎవరిది? ఆ పేరును తీర్మానంలో రాయించండి.